మే నెల టీకా

ఇన్‌ఫ్లుయెంజా, వాడుకలో ఫ్లూ, మామూలు రొంప కాదు. రొంప పట్టిన పిల్లాడు ముక్కు కారుతున్నా వీధిలో ఆడుతూనే ఉంటాడు. ఫ్లూ పట్టిన పిల్లాడు మంచం దిగడు. పొద్దున బడికి హుషారుగా వెళ్లినవాడికి సాయంత్రానికల్లా 103 డిగ్రీల జ్వరం, వణుకు, ఒళ్లు నొప్పులు, పొడిదగ్గు ఒక్కసారిగా వచ్చిపడతాయి. చిన్నపిల్లల్లో వాంతులు, విరేచనాలు కూడా ఉండొచ్చు. చాలామందికి వారం తిరిగేసరికి తగ్గిపోతుంది. కొందరికి ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా అవుతుంది. ఆ కొందరిలో ఐదేళ్లలోపు పిల్లలు, అందులోనూ రెండేళ్లు నిండనివాళ్లు ఎక్కువ. 2009 మే నెలలో దేశంలో మొదటి కేసు హైదరాబాద్‌లో బయటపడి అందరినీ హడలెత్తించిన స్వైన్ ఫ్లూ వైరస్ ఎక్కడికీ పోలేదు. ఏటా వచ్చే ఫ్లూల్లో అదీ ఒకటైపోయింది. ఏటేటా తయారయ్యే ఫ్లూ టీకాలో దానికీ వాటా ఉంది.

చాలామంది తల్లిదండ్రులకు అంతగా తెలియని టీకా ఇది. తప్పు వాళ్లది కాదు. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల జాబితాలో ఇది లేదు. బుధవారం, శనివారం అని లెక్క తప్పకుండా బిడ్డను ఎత్తుకెళ్లే తల్లి చేతిలోని కార్డులో దీనికి గడే కనిపించదు. మరోవైపు ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మాత్రం ఆరు నెలలు నిండినప్పటి నుంచి ఐదేళ్ల వరకు ప్రతి బిడ్డకూ ఏటా వేయించమని చెబుతోంది. ఐదేళ్లు దాటినా ఉబ్బసం, పుట్టుకతో గుండెజబ్బు, మధుమేహం, సికిల్ సెల్, నెఫ్రోటిక్ సిండ్రోమ్ లాంటివి ఉన్న పిల్లలకు ఆపకూడదు. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటే మూత్రంలో మాంసకృత్తులు పోయి ముఖం, కాళ్లు ఉబ్బే జబ్బు. ఇలాంటి పిల్లలకు ఒక్క జ్వరం, ఒక్క దగ్గు చాలు, తగ్గిన వాపు మళ్లీ తిరగబెట్టడానికి.

కార్డు చూపించి "ఇన్‌ఫ్లుయెంజా ఎప్పుడో వేశారండీ" అనే తల్లులూ ఉన్నారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాలో 'హిబ్' అనే భాగం ఉంటుంది. దాని పూర్తి పేరు హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే టైప్ బి. అది వైరస్ కాదు, ఒక బాక్టీరియా. 1892లో రిచర్డ్ ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఫ్లూ రోగుల కఫంలో ఈ బాక్టీరియాను చూసి, ఫ్లూకు ఇదే కారణమనుకున్నాడు. 1933లో అసలు వైరస్ దొరికింది, ఫైఫర్ పొరబడ్డాడని తేలిపోయింది. పేరు మాత్రం అలాగే మిగిలింది. వందేళ్లు దాటిన ఆ పొరపాటు ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ఒక తల్లిని తికమక పెడుతోంది. కార్డులో పెంటావాలెంట్ మూడు డోసులూ పడి ఉండటం చాలా మంచిదే, కానీ దాంతో ఫ్లూ టీకా వేసినట్టు కాదు.

ఉద్దానంలో ఇది ఇంటిల్లిపాదికీ సంబంధించిన టీకా

ఉద్దానంగా పిలిచే కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు మనిషి లేని వీధిని వెతకడం కష్టం. జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు వెళ్లొచ్చే తాత, పక్కనే ఆయన ఒళ్లో ఎక్కి కూర్చునే మూడేళ్ల మనవడు: ఉద్దానంలో చాలా ఇళ్లలో కనిపించే దృశ్యం ఇది. మనవడికి ఫ్లూ వస్తే వారంలో లేచి పరిగెడతాడు. తాతకు వస్తే?

కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి ఫ్లూ ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. డయాలసిస్ చేయించుకునేవాళ్ల ఒంట్లో టీకా కూడా ఆరోగ్యవంతుల్లో పనిచేసినంత గట్టిగా పనిచేయదు. అలాగని వాళ్లకు మానేయకూడదు. డాక్టరును అడిగి ముందు వాళ్లకే వేయించాలి, ఆ తర్వాత వాళ్ల చుట్టూ ఉన్నవాళ్లకూ వేయించాలి. ఇంట్లోకి ఫ్లూను తెచ్చేది ఎక్కువగా పిల్లలే. బడిలో, అంగన్‌వాడీలో అంటించుకుంటారు, పెద్దల కంటే ఎక్కువ రోజులు వైరస్‌ను బయటికి వదులుతుంటారు, చేయి అడ్డం పెట్టుకోకుండా దగ్గుతారు, పైగా అందరి ఒళ్లోకీ ఎక్కుతారు.

పిల్లలకు వేస్తే పెద్దలకు నిజంగా మేలు జరుగుతుందా? జపాన్‌లో 1962 నుంచి 1987 వరకు బడిపిల్లలకు పెద్దఎత్తున ఫ్లూ టీకా వేశారు. ఆ కాలపు మరణాల లెక్కలు తీసిన పరిశోధకులు, సుమారు 420 మంది పిల్లలకు టీకా వేస్తే ఒక మరణం తప్పిందని 2001లో అంచనా కట్టారు. తప్పిన మరణాల్లో ఎక్కువ భాగం ముసలివాళ్లవే. ఆ అంచనా మీద వాదాలు లేకపోలేదు. కెనడాలో హటరైట్లు అనే మతవర్గంవాళ్లు ఊరంతా ఒకే కుటుంబంలా బతుకుతారు. అక్కడ పిల్లలకు మాత్రమే ఫ్లూ టీకా వేసి చూస్తే, టీకా వేసుకోని మిగతా ఊరివాళ్లలో ఫ్లూ 61 శాతం తగ్గిందని 2010లో వెల్లడైంది. ఉమ్మడి వాకిలి, ఒకే పంచాయతీ కుళాయి, ఒకే తాటాకు పందిరి కింద కూర్చునే ఉద్దానం వీధులకు ఈ రెండో ఉదాహరణ దగ్గరగా ఉంటుంది.

ఎప్పుడు?

మే నెలలో. ఫ్లూ మన తీరంలో వానలతో పాటే వస్తుంది. జూలై నుంచి పుంజుకుంటుంది, చలికాలంలో మరో చిన్న విడత ఉండొచ్చు. టీకా వేసిన రోజే రక్షణ రాదు, ఒంట్లో అది పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. మొదటిసారి వేయించే చిన్నపిల్లలకు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి. లెక్క వెనక్కి వేసుకుంటే, మే మొదటి వారంలో ఒకటి, జూన్ మొదటి వారంలో రెండోది పడితే జూన్ ఆఖరుకు బిడ్డ సిద్ధంగా ఉంటుంది. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. బడి తెరిచాక పక్క పిల్లాడు దగ్గడం చూసి టీకా కోసం పరిగెత్తడం వరద వచ్చాక గట్టు వేయడమే.

ఈ లెక్క ఉద్దానానికి మరోలా కూడా కలిసొస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం. భావనపాడు, మంచినీళ్లపేట లాంటి ఊళ్లలో పడవలు ఒడ్డెక్కి ఉంటాయి, తండ్రులు ఇంటి దగ్గరే ఉంటారు. తోటలున్నవాళ్లకు అప్పటికి జీడి పిక్కలు అమ్మిన డబ్బు చేతిలో ఉంటుంది. ఈ టీకాకు డబ్బు కావాలి కాబట్టి ఈ మాట దాచాల్సిన పనిలేదు.

మే దాటిపోతే? జూన్‌లో అయినా, జూలైలో అయినా వేయించవచ్చు. ఆలస్యమైన టీకా, అసలు వేయించని టీకా కంటే మేలు.

వేయించడం ఎలా?

1. ముందు వయసు లెక్క తేల్చుకోవాలి. ఆరు నెలలు నిండని బిడ్డకు ఈ టీకా వేయరు. ఆ బిడ్డకు రక్షణ తల్లి కడుపులో ఉన్నప్పుడే దొరకాలి: గర్భిణి ఏ నెలలోనైనా డాక్టరు సలహాతో ఫ్లూ టీకా వేయించుకుంటే, ఆమె రక్తంలోని రక్షణ కొంత బిడ్డకూ చేరుతుంది. ఆరు నెలల నుంచి తొమ్మిదేళ్లలోపు బిడ్డకు జీవితంలో మొదటిసారి వేయిస్తున్నప్పుడు రెండు డోసులు, తర్వాత ఏటా ఒక్కటి. తొమ్మిదేళ్లు నిండాక మొదటిసారైనా ఒక్కటే. మొదటి ఏడాది రెండో డోసు ఎగ్గొడితే మరుసటి ఏడాది మళ్లీ రెండూ వేయాల్సి వస్తుంది. డబ్బు ఆదా చేద్దామని రెండోది మానేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే నష్టపోతారు.

2. బయల్దేరే ముందు ఫోన్ చేయాలి. ఈ టీకా ఉపకేంద్రంలో దొరకదు. కాశీబుగ్గ, టెక్కలి, శ్రీకాకుళంలో పిల్లల డాక్టర్ల క్లినిక్‌లలో అడగాలి. అన్ని చోట్లా, అన్ని నెలల్లో ఉండదు. "ఫ్లూ టీకా ఉందాండీ?" అని అడిగి "ఉందమ్మా" అనిపించుకుని బస్సెక్కితే సరిపోదు. ఈ ఏడాదిదేనా, ధర ఎంత, నెల తర్వాత రెండో డోసు కూడా ఇక్కడే దొరుకుతుందా, ఈ మూడూ అడగాలి. కంపెనీని బట్టి ధర మారుతుంది, ఒక్కో డోసు వెయ్యి రూపాయలు దాటుతుంది. పెట్టె మీద ముద్రించిన ధర అడిగి చూడటం మొహమాటపడాల్సిన విషయం కాదు.

3. పెట్టె చూడాలి. ఫ్లూ వైరస్ ఏటేటా వేషం మారుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, టీకాలో ఏ రకాలు ఉండాలో చెబుతుంది. పటంలో మనం ఉత్తరాన ఉన్నా మన ఫ్లూ వానలతో నడుస్తుంది. అందుకే మన దగ్గర చాలామంది డాక్టర్లు వానలకు ముందు మార్కెట్లోకి వచ్చే దక్షిణార్ధగోళపు టీకాను ఎంచుకుంటారు. పెట్టె మీద ఏ సీజన్‌దో రాసి ఉంటుంది, గడువు తేదీ ఉంటుంది. ఆ రెండూ చూస్తే చాలు. కొన్ని పెట్టెల మీద నాలుగు రకాలు, కొన్నింటి మీద మూడు రకాలు అని ఉండటం చూసి గాబరా పడక్కర్లేదు. బి-యమగాటా అనే రకం 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా కనిపించలేదు. దాన్ని తీసేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. ఏదైనా ఫర్వాలేదు.

4. టీకాను చేత్తో మోయకూడదు. తరచూ జరిగే తప్పు ఒకటుంది. శ్రీకాకుళంలో మందుల షాపులో కొని, పాలిథిన్ కవర్లో వేసుకుని, మే ఎండలో బస్సెక్కి పలాస చేరి, అక్కడ ఆర్‌ఎంపీ చేత వేయించడం. బస్సు కిటికీ పక్కన ఒళ్లో పెట్టుకున్న ఆ కవర్లో టీకా రెండు గంటల్లో వేడెక్కిపోతుంది. ఫ్లూ టీకా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యనే ఉండాలి. వేడెక్కితే బలం పోతుంది. గడ్డకట్టినా పాడైపోతుంది, కాబట్టి ఐస్ ముక్కల మధ్య నేరుగా గుచ్చి తేవడమూ తప్పే. పాడైన టీకా చూడటానికి మంచి టీకాలాగే ఉంటుంది. ఫ్రిజ్‌లో దాచిన క్లినిక్‌లోనే, ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వేయించుకోవడం ఒక్కటే పద్ధతి. గాలివానల కాలంలో ఇంకో ప్రశ్న జోడించాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి సమయాల్లో "కరెంటు లేనప్పుడు టీకాలు ఎక్కడ పెట్టారండీ?" అని అడిగితే మంచి డాక్టరు నొచ్చుకోడు.

5. వేయించే రోజు. కొంచెం ముక్కు కారుతున్నా టీకా వేయించవచ్చు, జ్వరం బాగా ఉంటే తగ్గేదాకా ఆగాలి. బిడ్డకు పాలు పట్టవచ్చు, అన్నం పెట్టవచ్చు. ఏడాదిలోపు బిడ్డకు తొడకు, పెద్ద పిల్లలకు భుజానికి వేస్తారు. మిగతా టీకాలు అదే రోజు ఉంటే వేరే చోట వేయవచ్చు. గుడ్డు పడని పిల్లలకు ఈ టీకా వేయకూడదని పాతకాలంలో అనేవారు, ఇప్పుడు ఆ ఆంక్ష లేదు. అయినా ఆ సంగతి డాక్టరుకు చెప్పడం మంచిది. ఇంతకుముందు ఇదే టీకాకు ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడని పిల్లలకు మాత్రం వేయకూడదు. వేశాక పావుగంట నుంచి అరగంట అక్కడే కూర్చోవాలి. బస్సుకు టైమైందని లేచి వచ్చేయకూడదు.

6. రాయించుకోవాలి. కార్డులో గడి లేదు కాబట్టి ఎవరూ రాయరు. ఖాళీగా ఉన్న చోట తేదీ, టీకా పేరు, బ్యాచ్ నంబరు రాయమని అడగాలి. పెట్టె మీద అతికించిన చిన్న స్టిక్కరు ఉంటే ఊడదీసి కార్డుకు అంటించమంటే పని ఇంకా తేలిక.

"సూది వేయించినా రొంప పట్టింది కదే!"

ఇలాంటి మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది, ఎక్కువగా నానమ్మ నోట. రెండు వేలు పోసి మనవడికి టీకా వేయించారు. సెప్టెంబరులో ముక్కు కారింది, దగ్గాడు. "డబ్బులు దండగ కాదూ?" అని ఆవిడ అడుగుతుంది. కోడలికి జవాబు దొరకదు.

జవాబు ఉంది. రొంప తెచ్చే వైరస్‌లు రెండు వందలకు పైగా ఉన్నాయి, ఈ టీకా ఆపేది ఒక్క ఫ్లూనే. ఆ ఫ్లూను కూడా నూటికి నూరుపాళ్లు ఆపదు. హర్యానాలో బల్లభ్‌గఢ్ దగ్గరి పల్లెల్లో మూడేళ్లపాటు పిల్లల మీద జరిగిన పరీక్షలో మొదటి ఏడాది టీకా ఆపిన ఫ్లూ పావు వంతే, మూడో ఏడాది దాదాపు ముప్పావు వంతు. టీకాలోని రకాలు ఆ ఏడాది ఊళ్లో తిరిగే రకాలతో ఎంత బాగా కలిస్తే అంత పని. కాబట్టి గొప్పలు చెప్పి వేయించకూడదు. న్యుమోనియాతో ఆసుపత్రి మంచం ఎక్కే అవకాశం తగ్గించడానికి వేయిస్తున్నాం, ముక్కు కారకుండా కాదు, అని ముందే చెప్పుకున్న ఇంట్లో సెప్టెంబరులో గొడవ ఉండదు.

టీకా వేసిన రాత్రి కొంచెం జ్వరం, సూది గుచ్చిన చోట నొప్పి, చిరాకు కొందరికి ఉంటాయి, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. ఆ జ్వరం ఫ్లూ కాదు. సూదిలో ఉన్నది చచ్చిన వైరస్ ముక్కలు, వాటికి జబ్బు చేసే శక్తి లేదు. పోయినేడాది వేయించాం కదా అని ఈ ఏడాది మానేయడమూ పొరపాటే. నెలలు గడిచేకొద్దీ పాత రక్షణ తగ్గిపోతుంది, ఈలోగా వైరస్ కూడా మారుతుంది.

డబ్బు చాలకపోతే?

చాలా ఇళ్లలో అసలు ప్రశ్న ఇదే. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు ఒలిచి, ఒలిచిన కిలోల లెక్కన కూలి తీసుకునే తల్లికి ఇద్దరు పిల్లలు, నాలుగు డోసులంటే ఎన్నో రోజుల కూలి. టీకా కోసం పోగొట్టుకున్న పూట కూలి దానికి అదనం. అలాంటి ఇంటికి నీతులు చెప్పడం తేలిక, వరస చెప్పడమే ఉపయోగం. మొదట ఉచితంగా దొరికేవి ఒక్కటీ తప్పకూడదు. ఫ్లూ తర్వాత వచ్చే న్యుమోనియా చాలాసార్లు న్యుమోకాకస్ బాక్టీరియా వల్ల వస్తుంది. దానికి టీకా ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో ప్రభుత్వమే వేస్తుంది. పెంటావాలెంట్, తట్టు టీకా కూడా అంతే. వాటిని వదిలేసి ఖరీదైన టీకా కోసం అప్పు చేయడం తలకిందుల లెక్క. ఇక ఫ్లూ టీకా విషయానికొస్తే వరస ఇది: డయాలసిస్‌లో ఉన్న మనిషి, జబ్బున్న బిడ్డ, రెండేళ్లలోపు పసివాడు, ఆ తర్వాత మిగతావాళ్లు.

అయినా జ్వరం వస్తే

పారాసిటమాల్ చాలు. బరువును బట్టి, కిలోకు 15 మిల్లీగ్రాములు. ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. ఒకే రంగు పెట్టెలో, ఒకే పేరుతో, 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల సిరప్ ఉంటుంది, 250 మిల్లీగ్రాములదీ ఉంటుంది. పది కిలోల బిడ్డకు మొదటిది 6 మిల్లీలీటర్లు, రెండోది 3 మిల్లీలీటర్లు. సీసా మారిందని చూడకుండా పాత మూతతో పోసేస్తే మోతాదు రెట్టింపవుతుంది. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి, రోజుకు నాలుగుసార్లు దాటకూడదు.

జ్వరం గబగబా దించడానికి డైక్లోఫెనాక్ సూది పొడిపించడం ఊళ్లలో అలవాటు. ఒంట్లో నీరు తగ్గిన పిల్లల కిడ్నీలకు ఇలాంటి నొప్పి మందులు చేటు చేస్తాయి. ఉద్దానంలో అయితే మరీ జాగ్రత్త పడాలి. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వనే కూడదు. ఫ్లూలో దానివల్ల మెదడు, కాలేయం దెబ్బతినే రేయ్ సిండ్రోమ్ రావచ్చు. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు, డాక్టరు చూసి రాస్తే తప్ప వాడకూడదు. ఫ్లూకు ఒసెల్టామివిర్ అనే మందు ఉంది. జ్వరం మొదలైన రెండు రోజుల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, కాబట్టి జబ్బున్న పిల్లల్ని, రెండేళ్లలోపువాళ్లను డాక్టరుకు చూపించడానికి మూడో రోజు దాకా ఆగకూడదు.

బిడ్డ చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టాలి. బిడ్డ ఏడుస్తున్నప్పుడు లెక్క తప్పుతుంది, నిద్రపోతున్నప్పుడు సరిగ్గా వస్తుంది. రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డ నిమిషానికి 50 సార్లు, ఏడాది నుంచి ఐదేళ్ల బిడ్డ 40 సార్లు, లేదా అంతకు మించి పీలుస్తుంటే న్యుమోనియా అనుమానించాలి. డొక్కలు ఎగరేయడం, పెదాలు నీలంగా మారడం, పాలు తాగలేకపోవడం, పిలిచినా పలకనంత మగత, ఫిట్స్, ఆరేడు గంటలైనా మూత్రం పోయకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. జ్వరం ఉన్నన్నాళ్లూ, అది తగ్గాక మరో రోజు వరకు బిడ్డను డయాలసిస్ తాతకు దూరంగా, వేరే గదిలో పడుకోబెట్టాలి. గది లేకపోతే తాత మంచం అరుగు మీదికి మార్చాలి.

వచ్చే ఏడాది కోసం ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. కొత్త క్యాలెండరు గోడకు తగిలించిన రోజునే మే నెల పేజీ తిప్పి, మొదటి వారంలో ఒక తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, పక్కన బిడ్డ పేరు, క్లినిక్ ఫోన్ నంబరు రాసి పెట్టుకోవాలి.